రాంటనెన్ 96 జెర్సీ రివ్యూ: కుట్లు ఊడలేదు, మనిషే వెళ్లిపోయాడు

ఇరవై సార్లకు పైనే ఉతికాను. రంగు దిగలేదు, అంకెలు లేవలేదు, ఒక్క దారం కూడా బయటికి రాలేదు. జెర్సీ సంగతి ఒక్కటే తెలుసుకోవాలనుకుంటే ఇక్కడితో ఆపేసి వెళ్లి కొనుక్కోవచ్చు, డబ్బులు దండగ కావు. వీపు మీద ఎవరి పేరు వేయించుకోవాలి అన్నది మాత్రం వేరే కథ. నేను వేయించుకున్నది ఐస్ హాకీ ఆటగాడు మిక్కో రాంటనెన్ పేరు, అతని నంబరు 96. వేయించుకున్న 97వ రోజున అతన్ని అతని జట్టు కొలరాడో అవలాంచ్ వేరే జట్టుకి ఇచ్చేసింది. అందుకని ఈ రివ్యూలో సగం చొక్కా గురించి, సగం ఆ బేరం గురించి ఉంటుంది. రెండిటినీ విడదీసి రాద్దామని చూశాను, నా వల్ల కాలేదు.

ముందు చొక్కా. 2024 అక్టోబర్ 19, శనివారం, డెన్వర్‌లో ఒక దుకాణంలో కొన్నాను, పేరు చెప్పను. వీటిలో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి టీషర్టు కన్నా కాస్త మందంగా ఉండే మామూలు రకం. రెండోది ఐస్ మీద ఆటగాళ్లు వేసుకునేదానికి దగ్గరగా ఉండే బరువైన రకం, ధర కూడా బరువే, పేరూ నంబరూ కలిపి రెండొందల డాలర్లు దాటింది. నేను రెండోదే తీసుకున్నాను. లోపలివైపు, వీపు కింద అంచు దగ్గర, ఒక పట్టీ కుట్టి ఉంటుంది. ఆటలో కొట్టుకునేటప్పుడు అవతలివాడు జెర్సీని తల మీదికి లాగేయకుండా ఆ పట్టీని ప్యాంటుకి బిగించుకుంటారు. మా ఆవిడ దాన్ని చూసి, "నువ్వెవరితో కొట్లాటకి వెళ్తున్నావ్, ఈ పట్టీ కోసం అంత డబ్బు పోశావా?" అంది. నేనేం మాట్లాడలేదు. అప్పటికే కార్డు గీకేశాను.

సైజు దగ్గర జాగ్రత్త. భుజాలకి ప్యాడ్లు వేసుకున్నాక పైన తొడుక్కునేలా కత్తిరిస్తారు కాబట్టి మన మామూలు సైజు తీసుకుంటే గోనెసంచిలో దూరినట్టు ఉంటుంది. ఒకటి తగ్గించి తీసుకోండి, లోపల స్వెట్టర్ వేసుకున్నా సరిపోతుంది. అరీనాలో చలి ఎలాగూ ఉంటుంది, స్వెట్టర్ కావాల్సిందే. అక్షరాల పని మాత్రం చాలా బాగుంది. రాంటనెన్ అంటే ఇంగ్లిషులో ఎనిమిది అక్షరాలు, ఒక భుజం దగ్గర మొదలై రెండో భుజం దాకా వస్తాయి, ప్రతి అక్షరం అంచు చుట్టూ దగ్గర దగ్గరగా అటూ ఇటూ తిరిగే కుట్టు. 96 అయితే రెండు పొరల గుడ్డ. కొత్తలో కుర్చీలో ఆనుకుంటే వీపుకి అట్ట కట్టినట్టు ఉండేది, నాలుగైదు ఉతుకులకి మెత్తబడింది. తిరగేసి చన్నీళ్లలో ఉతకాలి, డ్రయ్యర్‌లో వేయకూడదు.

ఇక దుకాణం. పేరు వేయించిన జెర్సీని వెనక్కి తీసుకోరు, అది ఎక్కడైనా అంతే, ఒప్పుకుంటాను. కానీ కొన్న 90 రోజుల లోపు ఆ ఆటగాడు జట్టు మారితే వేరేది ఇస్తామని రసీదు మీదే ముద్రించి ఉంది. నేను వెళ్లి రసీదు చూపించాను. కౌంటర్ దగ్గర అబ్బాయి క్యాలెండర్ తీసి వేలితో లెక్కపెట్టి 97 అన్నాడు. ఏడు రోజులు! తయారు చేసి ఇవ్వడానికే తొమ్మిది రోజులు తీసుకున్నారు, చేతికి వచ్చిన రోజు నుంచి లెక్కపెడితే 88 అవుతుంది కదా అంటే, డబ్బు కట్టిన రోజే లెక్క అన్నాడు. మేనేజర్ వచ్చి కొత్త జెర్సీ మీద పది శాతం తగ్గిస్తానంది. ఇంకో పేరు మీద ఇంకో రెండొందలు పెట్టే ఓపిక ఆ రోజు నాకు లేదు.

అసలు విషయానికి వస్తాను.

2025 జనవరి 24, శుక్రవారం రాత్రి. డాలస్ దగ్గర ఫ్రిస్కో నుంచి మా బావ ఫోన్. అప్పటికి అతనికి హాకీ అంటే ఐస్ మీద జారిపడే ఆట అని మాత్రమే తెలుసు. "ఏం బావా, నీ చొక్కా మీద ఉన్నాయన్ని అమ్మేశారంట?" అని నవ్వుతున్నాడు. నేను నమ్మలేదు. తీరా చూస్తే నిజమే. రాంటనెన్ కరోలినా హరికేన్స్‌కి, అక్కణ్నుంచి మార్టిన్ నెచాస్, జాక్ డ్రూరీ, రెండు డ్రాఫ్ట్ పిక్‌లు (కొత్త కుర్రాళ్లని ఎంచుకునే వంతులు) కొలరాడోకి. మధ్యలో షికాగో కూడా ఉంది, టేలర్ హాల్‌ని కరోలినాకి ఇచ్చి, రాంటనెన్ జీతంలో సగం భారం తన మీద వేసుకుంది. మూడు జట్లు కలిసి చేసిన బేరం, ఒకే రాత్రి అయిపోయింది.

హాకీ చూడనివాళ్లకి రాంటనెన్ ఎంత పెద్ద పేరో చెప్పాలంటే, 2015 డ్రాఫ్ట్‌లో 10వ స్థానంలో వచ్చి, పదేళ్లు ఒకే జట్టుకి ఆడి, 2022లో స్టాన్లీ కప్, అంటే లీగ్ ట్రోఫీ, గెలిపించిన వాళ్లలో ఒకడు. 2022-23లో 55 గోల్స్ కొట్టాడు. ట్రేడ్ అయిన నాటికి ఆ సీజన్‌లో 49 ఆటల్లో 64 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి). జట్టులో పెద్ద స్టార్ మెకినాన్ పక్కన ఆడతాడు కాబట్టి అన్ని వస్తాయి అనేవాళ్లు ఉన్నారు, నేనూ ఒకప్పుడు అన్నాను. మనలో డేవిడ్ వార్నర్‌ని హైదరాబాద్ వదిలేసినప్పుడు తిండి మానేసిన వాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు. అది ఇంకా నయం, అప్పటికి అతని ఫామ్ బాగోలేదు అని సర్దిచెప్పుకోవడానికైనా ఉంది.

మా ఆఫీసులో ఒక అన్న ఉన్నాడు, కొలరాడో ఆటలు నాకన్నా ఎక్కువ ఏళ్లుగా చూస్తున్నాడు. సోమవారం పొద్దున కాఫీ దగ్గర పట్టుకుని, "ఏడవకు తమ్ముడూ, చేయాల్సిందే చేశారు" అన్నాడు. ఆయన వాదన తీసిపారేసేది కాదు. ఈ లీగ్‌లో (ఎన్‌హెచ్‌ఎల్) ప్రతి జట్టు మొత్తం జీతాలకి ఒక పరిమితి ఉంటుంది, శాలరీ క్యాప్ అంటారు, ఆ సీజన్‌కి అది 8 కోట్ల 80 లక్షల డాలర్లు. రాంటనెన్ ఒప్పందం ఏడాదికి 92 లక్షల 50 వేలు, ఆ వేసవితో అయిపోతోంది. అప్పటికే ఎడ్మంటన్‌లో ఇంకో స్టార్ డ్రైసైటిల్ ఏడాదికి కోటి 40 లక్షలకి సంతకం చేసి ఉన్నాడు, రాంటనెన్ కళ్లు అటే ఉంటాయి. జట్టులో అందరికన్నా పెద్ద ఆటగాడు మెకినాన్, అతని జీతం కోటి 26 లక్షలు, అతన్ని మించి ఇంకొకరికి ఇవ్వలేరు. సంతకం చేయకపోతే, ఒప్పందం అయిపోయినవాళ్లు ఎటైనా వెళ్లగలిగే జులై 1న ఉత్తి చేతులతో చూస్తూ ఉండాలి, 2019లో కొలంబస్ తన స్టార్లు పనారిన్‌నీ బాబ్రోవ్‌స్కీనీ అలాగే పోగొట్టుకుంది, రూపాయి వెనక్కి రాలేదు. "ఇంట్లో ఖర్చుకి లెక్క ఉంటుంది కదా, ఒక్క సోఫా కోసం వంటింటి సామాను అమ్ముకుంటామా?" అన్నాడు. రాంటనెన్‌ని సోఫా అన్నందుకు ఆ వారమంతా ఆయనతో కాఫీకి వెళ్లలేదు.

తిరిగి వచ్చిన సరుకు కూడా నాసిరకం కాదు. ఇది ఒప్పుకోకపోతే రివ్యూ రాయడం అనవసరం. నెచాస్ వేగం చూస్తే ముచ్చటేస్తుంది, పక్ (ఆడే రబ్బరు బిళ్ల) తీసుకుని మధ్య గీత దాటేటప్పుడు స్టాండ్స్‌లో జనం సీట్ల అంచుకి వస్తారు. వచ్చీ రాగానే మెకినాన్ పక్కన కుదురుకున్నాడు. డ్రూరీ గోల్స్ కొట్టే మనిషి కాదు, కానీ జట్టుకి అలాంటివాడు కావాలి. పైగా నెచాస్‌కి ఇంకో సీజన్ ఒప్పందం ఉంది, 65 లక్షలకే. ఆ మిగిలిన డబ్బుతో బ్రాక్ నెల్సన్ లాంటి సెంటర్‌ని అట్టిపెట్టుకోగలిగారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నేను కూడా మెత్తబడ్డాను. ఈలోగా కరోలినాలో రాంటనెన్ 13 ఆటలు ఆడి రెండే గోల్స్ కొట్టాడు, అక్కడ ఉండే ఉద్దేశం లేదని అర్థమై మార్చి 7న వాళ్లు అతన్ని డాలస్‌కి ఇచ్చేశారు. బదులుగా లోగన్ స్టాంకోవెన్ అనే కుర్రాడు, రెండు మొదటి రౌండ్ పిక్‌లు, రెండు మూడో రౌండ్ పిక్‌లు. డాలస్ వెంటనే ఎనిమిదేళ్లకి రాయించుకుంది, ఏడాదికి కోటి 20 లక్షలు.

కోటి 20 లక్షలు. మెకినాన్ కన్నా తక్కువ. ఆ అంకె చూశాక నేను చాలాసేపు ఫోన్ పక్కన పెట్టలేదు. అన్న వెంటనే "టెక్సస్‌లో రాష్ట్రం ఆదాయపన్ను లేదు, అక్కడి కోటి 20 మన దగ్గర ఇంకా ఎక్కువ అవుతుంది" అన్నాడు, సరే, ఆ తేడా వేసుకున్నా కోటి 40 దగ్గరికి పోదు.

ఆ తర్వాత ప్లేఆఫ్స్ (సీజన్ చివర కప్ కోసం ఆడే నాకౌట్) మొదటి రౌండ్‌లో కొలరాడోకి ఎవరు తగిలారో చెప్పక్కర్లేదు. డాలసే. ముందు నాలుగు గెలిచినవాళ్లదే సిరీస్, అది ఏడు ఆటల దాకా వెళ్లింది. మొదటి నాలుగు ఆటల్లో రాంటనెన్ కనిపించనేలేదు, అన్న రోజూ నా టేబుల్ దగ్గరికి వచ్చి వెళ్లేవాడు. మే 3, శనివారం, డాలస్‌లో ఏడో ఆట. ఇంట్లో జెర్సీ వేసుకోవాలా వద్దా అని ఒక చర్చ, చివరికి వేసుకున్నాను, పైన జిప్ ఉన్న స్వెట్టర్ వేసి పేరు కప్పేశాను. చివరిదైన మూడో పీరియడ్ మొదట్లోనే మెకినాన్ గోల్‌తో కొలరాడో 2-0. డాలస్‌కి హైస్కానెన్ లేడు, రాబర్ట్‌సన్ లేడు, ఇద్దరూ గాయాలతో బయటే. మా అబ్బాయి అప్పుడే తర్వాతి రౌండ్ ప్రత్యర్థి ఎవరని అడుగుతున్నాడు.

పన్నెండు నిమిషాల చిల్లర మిగిలి ఉండగా రాంటనెన్ ఒకటి కొట్టాడు. అయినా పర్లేదు అనుకున్నాం. తర్వాత గోల్ వెనక నుంచి చుట్టి వచ్చి రెండోది లోపలికి తోశాడు. ఆ కదలిక నాకు తెలుసు, పదేళ్లుగా చూసిందే, మన వైపు నుంచి చూసినప్పుడు చప్పట్లు కొట్టినదే. పెద్ద మనిషి, ఆరడుగుల నాలుగంగుళాలు, వీపు ఆనించి అవతలివాణ్ని ఆపుతూ, ఒక్క చేత్తో లాగినట్టుగా తిరుగుతాడు. మూడోది వయట్ జాన్‌స్టన్ కొట్టాడు, దానికి పక్ అందించిన వాళ్లలో కూడా ఇతనే. చివరికి, మనవాళ్లు గోల్‌కీపర్‌ని తీసేసిన ఖాళీ గోల్‌లోకి నాలుగోది మళ్లీ రాంటనెన్. 4-2. ఏడో ఆట మూడో పీరియడ్‌లో హ్యాట్రిక్ కొట్టిన వాడు లీగ్ చరిత్రలో అంతకుముందు ఎవరూ లేరు. మా అబ్బాయి నా వీపు వైపు చూశాడు. స్వెట్టర్ ఉంది కదా అని నేనేం కదల్లేదు.

ఫ్రిస్కో నుంచి ఫోన్ వచ్చింది, తీయలేదు.

ఇక్కడ ఒక పాత విషయం గుర్తు చేయాలి, ఎందుకంటే ఈ ఊరివాళ్లు స్టార్‌ని ఇచ్చేసిన ప్రతిసారీ ఇలా ఏడవలేదు. 2017 నవంబర్‌లో మ్యాట్ డుషేన్‌ని ఇచ్చేశారు, అదీ బ్రూక్లిన్‌లో ఆట నడుస్తుండగా మధ్యలో బెంచి మీంచి లేపి లోపలికి పంపించారు. దానికి బదులుగా వచ్చిన వాటిలోంచి శామ్ గిరార్డ్, బోవెన్ బైరమ్ తేలారు, ఇద్దరూ 2022 కప్ గెలిచిన జట్టులో ఉన్నారు. ఆ బేరం మీద ఈ రోజుకీ ఎవరికీ ఫిర్యాదు లేదు. తమాషా ఏంటంటే 2024 మేలో ఇదే డాలస్ తరఫున, మన బాల్ అరీనాలోనే, రెండో ఓవర్‌టైమ్‌లో గోల్ కొట్టి కొలరాడోని ఇంటికి పంపింది ఆ డుషేనే. అప్పుడూ ఓడిపోయాం, కోపం వచ్చింది, కానీ "అయ్యో, అనవసరంగా వదులుకున్నామే" అని ఒక్కరూ అనలేదు. ఎందుకంటే డుషేన్ వెళ్లిపోతానని తనే అడిగాడు. రాంటనెన్ అడగలేదు. ఉంటానన్న మనిషిని, పోతాడేమోనన్న భయంతో ముందే పంపించేశారు. రెండు బేరాలూ ఒకే త్రాసులో పెట్టి తూచేవాళ్లు ఈ ఒక్క తేడా పక్కన పెట్టేస్తారు.

అందుకే ఎడ్మంటన్ తన అందరికన్నా పెద్ద స్టార్ గ్రెట్జ్‌కీని ఇచ్చేశాక కూడా 1990లో కప్ గెలిచింది కదా అనే మాట నాకు ఎక్కదు. గెలిచింది, నిజమే. ఇచ్చేసిన మరుసటి ఏడాది, 1989లో, అదే గ్రెట్జ్‌కీ లాస్ ఏంజెలెస్ చొక్కాలో వచ్చి సిరీస్‌లో 3-1 వెనకబడి ఉండి కూడా ఎడ్మంటన్‌ని ఓడించాడు, అదీ నిజమే. కప్పు ఒక్కటే లెక్కకి తీసుకుంటే ప్రతి బేరాన్నీ ఏదో ఒక రోజు సమర్థించవచ్చు, జట్టు ఏదో ఒక ఏడు గెలుస్తుంది కాబట్టి.

నా గొంతులో ముల్లు వేరే ఉంది. బేరం జరిగింది జనవరి 24న. జనవరి 31న, సరిగ్గా వారానికి, లీగూ ఆటగాళ్ల సంఘమూ కలిసి రాబోయే మూడు సీజన్ల శాలరీ క్యాప్ ప్రకటించాయి. 9 కోట్ల 55 లక్షలు, తర్వాత 10 కోట్ల 40 లక్షలు, ఆ తర్వాత 11 కోట్ల 35 లక్షలు. అంటే 8 కోట్ల 80 లక్షల గదిలో పట్టని సోఫాకి మూడేళ్లలో ఇల్లే పెద్దదైపోతోంది. క్యాప్ పెరుగుతుందని అందరికీ ముందే అంచనా ఉంది, అంకెలు చేతికి రాలేదంతే. ట్రేడ్ గడువు మార్చి 7 దాకా ఉంది. ఆరు వారాలు! అంత తొందర దేనికో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

సరే, మిగిలిందెంతో చూద్దాం. 2025 అక్టోబర్ 30న నెచాస్‌కి కొత్త ఒప్పందం ఇచ్చారు. ఎనిమిదేళ్లు, ఏడాదికి కోటి 15 లక్షలు. రాంటనెన్ డాలస్‌లో కోటి 20. తేడా ఐదు లక్షలు. నెచాస్‌ని తప్పు పట్టడం లేదు, మార్కెట్ అలా ఉంది, తన రేటు తను అడిగాడు, రెండేళ్లు చిన్నవాడు కూడా. కానీ భారం తగ్గించుకోవడానికి చేశామన్న బేరంలో నిజంగా మిగిలింది ఒక్క సీజన్, 55 లక్షలు. ఆ తర్వాత ఏడాదికి ఐదు లక్షల చొప్పున. కోటి 40 అడుగుతాడేమోనని భయపడి వదులుకున్న మనిషి కోటి 20కి పక్క రాష్ట్రం తర్వాతి రాష్ట్రంలో కూర్చున్నాడు, అది కూడా మనతో ఒకే డివిజన్‌లో, ఏటా మూడు నాలుగు సార్లు ఎదురుపడేలా.

ఈ లెక్క అన్నకి చెబితే, "2025 ముగిసేసరికి పట్టికలో అందరికన్నా పైన ఎవరున్నారు తమ్ముడూ?" అన్నాడు. కొలరాడోనే ఉంది, అదీ మామూలుగా కాదు, దగ్గర్లో ఎవరూ లేనంతగా. నా దగ్గర జవాబు లేదు. ఉన్నదల్లా, ఆ జట్టులో 96 కూడా ఉంటే ఎలా ఉండేదో అన్న ఊహ, దాన్ని ఎవరూ తూచలేరు.

మళ్లీ చొక్కా దగ్గరికి. నవంబర్‌లో నాకు ఒక పిచ్చి ఆలోచన వచ్చింది, పేరు మార్పించి నెచాస్ 88 వేయిస్తే పోలా అని. బట్టలు సరిచేసే ఒక కుట్టుపని షాపుకి తీసుకెళ్లాను. అక్కడి పెద్దావిడ కళ్లద్దాలు పైకి తోసి, కుట్లు విప్పే చిన్న కొక్కెం తీసుకుని, చివరి అక్షరం ఒక మూల రెండంగుళాలు విప్పి చూపించింది. అక్షరం కింద గుడ్డ రంగు ముదురుగా, కొత్తదానిలా ఉంది, చుట్టూ ఉన్నది ఎండకీ ఉతుకులకీ కాస్త తేలిపోయింది (పైన చెప్పినట్టు రంగు దిగలేదు అన్నది ఇక్కడ కొంచెం సవరించుకోండి, విడిగా చూస్తే తెలియదు, పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది). అంచు పొడవునా సూది బెజ్జాలు వరసగా, చీమలు నడిచిన దారిలా. కొత్తది ఐదక్షరాల పేరు, పాతది ఎనిమిది, ఇటు కొంతా అటు కొంతా ఆ నీడ మిగిలిపోతుంది, ఎవరు చూసినా కింద ఇంకో పేరు ఉండేదని తెలిసిపోతుంది అంది. విప్పిన రెండంగుళాలు తిరిగి కుట్టి ఇచ్చింది. డబ్బులు తీసుకోలేదు. ఐదుకి ఐదు ఆవిడకి.

అలాగే వేసుకుంటున్నాను. బాల్ అరీనాలో ఇప్పటికీ నాలాంటి 96లు ఒక్కో వరసలో ఒకటో రెండో కనిపిస్తాయి, ఎదురుపడితే తల ఊపుకుంటాం, మాట్లాడుకోం. డిసెంబర్ సెలవులకి ఫ్రిస్కో వెళ్తే బావ తలుపు తీశాడు, ఒంటి మీద ఆకుపచ్చ డాలస్ జెర్సీ, వెనక్కి తిరిగి చూపించాడు, అదే పేరు, అదే 96. "మామూలు రకమే బావా, నీ అంత పెట్టలేదు" అన్నాడు. పట్టుకుని చూశాను. అక్షరాలు కుట్టినవి కావు, వేడితో అతికించినవి, అంచు అప్పుడే లేస్తోంది. ఆ రకం కొనకండి.

ఇప్పుడు మా అబ్బాయి పుట్టినరోజుకి జెర్సీ అడుగుతున్నాడు. మకార్ పేరు, 8వ నంబర్. అడగడంలో తప్పులేదు, అలాంటి డిఫెన్స్‌మన్ ఇంకొకడు లేడు. మకార్ ఒప్పందం ఏడాదికి 90 లక్షలు, 2026-27 సీజన్‌తో అయిపోతుంది. సైజు చూసి పెట్టాను, బరువైన రకం, ఒకటి తగ్గించి. కార్డు ఇంకా బయటికి తీయలేదు.